లైంగిక నేరాల కేసుల్లో రహస్య ఒప్పందాలు: దాచాల్సింది ఏది, దాచింది ఏది?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. మైనర్ ఆడపిల్లల మీద లైంగిక నేరాలు చేసిన అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో అక్కడి ప్రభుత్వ లాయర్లు 2007లో గుట్టుచప్పుడు కాకుండా ఒప్పందం ఎలా చేసుకోగలిగారు? మన చట్టంలోనూ ప్లీ బార్గైనింగ్ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం) ఉంది కదా, ఇక్కడా అలా జరగొచ్చా? టెక్సస్‌లో మీ బంధువుల పాప కేసులో డీఏ (డిస్ట్రిక్ట్ అటార్నీ, అక్కడి ప్రాసిక్యూటర్) ఆఫీసువాళ్లు ‘ఆఫర్’ గురించి మాట్లాడుతున్నారు, కుటుంబం ఏం అడగాలి? మూడోదాని కోసమే మొదటి రెండూ అడిగారని అర్థమైంది. అయినా వరసలోనే చెబుతాను. మొదటిది తెలిస్తే మూడోది సులువు.

నేను 22 ఏళ్లుగా ఒక జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. కొన్నేళ్లుగా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల కుటుంబాల తరఫున పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి సాయంగా నిలబడుతున్నాను. అమెరికాలో ప్రాక్టీసు చేసినవాణ్ని కాదు. అక్కడి సంగతులు తీర్పులూ కోర్టు కాగితాలూ చదివి చెబుతున్నవి.

పైన ఒకాయన ‘డబ్బుంటే ఎక్కడైనా అంతే’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. డబ్బు పని చేయలేదని నేనూ అనను. కానీ అక్కడితో ఆపేస్తే అసలు సందు కనపడదు. ఎందుకంటే ఆ ఒప్పందం ప్లీ బార్గైన్ కాదు. అందరూ అలా పిలుస్తారు గానీ, కాదు. ప్లీ బార్గైన్ అంటే ముందు కేసు ఉండాలి, అభియోగాలుండాలి, నిందితుడు జడ్జి ముందు నేరం ఒప్పుకోవాలి. అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టుల రూల్ 11 ప్రకారం ఆ ఒప్పందాన్ని బహిరంగ కోర్టులో చెప్పాలి. గట్టి కారణం ఉంటేనే జడ్జి ఛాంబర్‌లో చూపించవచ్చు. ఏ రకంగా చూసినా ఒక జడ్జి దాన్ని చదవాలి. నచ్చకపోతే కాదనే అధికారం కూడా చాలా సందర్భాల్లో ఆ జడ్జికి ఉంది.

ఎప్‌స్టీన్ సంతకం పెట్టింది నాన్ ప్రాసిక్యూషన్ అగ్రిమెంట్ మీద. అంటే ‘ఫలానా షరతులు పాటిస్తే నీ మీద ఫెడరల్ కేసు పెట్టం’ అని ప్రభుత్వ లాయర్లు రాసిచ్చిన కాగితం. కేసే పెట్టలేదు కాబట్టి ఫెడరల్ జడ్జి లేడు, చదివేవాడు లేడు. తెలంగాణ వాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా కాగితం మీద రాసుకున్న అమ్మకం) లాంటిది. కొన్నవాడికీ అమ్మినవాడికీ తెలుసు, సబ్ రిజిస్ట్రారుకు తెలియదు. పొలం విషయంలో అయితే తర్వాత క్రమబద్ధీకరణ అంటూ తిరగొచ్చు. ఇక్కడ చేతులు మారింది ముప్పైమందికి పైగా మైనర్ ఆడపిల్లల కేసు.

కథ క్లుప్తంగా. 2005 మార్చిలో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ పోలీసులకు 14 ఏళ్ల అమ్మాయి కుటుంబం నుంచి ఫిర్యాదు వచ్చింది. పోలీసులు తవ్వేకొద్దీ అలాంటి పిల్లలే ఒక్కొక్కరూ బయటపడ్డారు. రాష్ట్ర ప్రాసిక్యూటర్ కేసును గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు పెట్టారు. 2006 జూలైలో వచ్చింది ఒకే ఒక్క అభియోగం, అదీ వ్యభిచారానికి పురమాయించడం. అప్పటి పోలీస్ చీఫ్ మైకేల్ రీటర్ అంతటితో ఊరుకోకుండా విషయాన్ని ఎఫ్‌బీఐ దగ్గరికి చేర్చారు. 2007 మే నాటికి ఒక ఫెడరల్ ప్రాసిక్యూటర్ 53 పేజీల అభియోగపత్రం డ్రాఫ్టు సిద్ధం చేశారు. అది ఎప్పటికీ దాఖలు కాలేదు. 2007 సెప్టెంబర్ 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పుడు ఆ జిల్లాకు యూఎస్ అటార్నీగా (ఫెడరల్ ప్రధాన ప్రాసిక్యూటర్‌గా) ఉన్నది అలెగ్జాండర్ అకోస్టా. తర్వాత ట్రంప్ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయినది ఈయనే.

షరతులు చూడండి. అతను రాష్ట్ర కోర్టులో రెండు అభియోగాలు ఒప్పుకోవాలి, 18 నెలలు కౌంటీ జైల్లో ఉండాలి, లైంగిక నేరస్థుడిగా రిజిస్టర్ చేయించుకోవాలి, బాధితులకు లాయరు ఖర్చు భరించాలి. బదులుగా అతని మీద ఆ జిల్లాలో ఫెడరల్ కేసు ఉండదు. అంతే కాదు, పేర్లు రాసిన నలుగురు సహ కుట్రదారుల మీదా ఉండదు. ఆ నలుగురే కాక ‘కుట్రలో భాగస్వాములు కాగల ఎవరి మీదైనా’ ఉండదు! ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. పేరు లేని మనుషులకు, ఏం చేశారో తెలియని నేరాలకు ముందే క్షమాభిక్ష రాసిచ్చిన కాగితం నా సర్వీసులో చూడలేదు. ఎవరికి వర్తిస్తుందో తేలని ఆ వాక్యాన్ని పట్టుకునే, తర్వాత న్యూయార్క్‌లో కేసు ఎదుర్కొన్న ఎప్‌స్టీన్ సహచరి గిలేన్ మాక్స్‌వెల్ తనకూ రక్షణ ఉందని వాదించింది. ఫ్లోరిడా ఆఫీసు రాసిచ్చింది న్యూయార్క్‌ను కట్టడి చేయదని అక్కడి అప్పీలు కోర్టు 2024లో తేల్చింది. సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో ఆమె పిటిషన్‌ను తీసుకోలేదు. ఒక్క వాక్యం మీద 18 ఏళ్లు నడిచింది.

ఇక గోప్యత క్లాజు. ఈ ఒప్పందం పబ్లిక్ రికార్డులో భాగం కాదని ఇరుపక్షాలూ భావిస్తున్నాయి అని రాసుకున్నారు. ఎవరైనా సమాచార చట్టం కింద కాపీ అడిగితే, ఇచ్చే ముందు ఎప్‌స్టీన్‌కు తెలియజేయాలని కూడా. గమనించండి, బాధితులకు తెలియజేయాలని ఎక్కడా లేదు.

ఇక్కడే ఒక ఉత్తరం గురించి చెప్పాలి. కోర్టు కాగితాల్లో జేన్ డో 1 అని పిలిచే అమ్మాయికి 2007 జూన్‌లో ప్రభుత్వం ఒక ఉత్తరం పంపింది. 2004 నాటి నేర బాధితుల హక్కుల చట్టం ప్రకారం మీకు ప్రాసిక్యూటర్‌తో సంప్రదించే హక్కు ఉందని అందులో రాశారు. మూడు నెలలకే ఆమెకు చెప్పకుండా ఒప్పందం అయిపోయింది. 2008 జనవరిలో ఆమెకు ఇంకో ఉత్తరం: కేసు దర్యాప్తులో ఉంది, సమయం పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి. సంతకాలై అప్పటికి మూడున్నర నెలలు. నేను కక్షిదారులకు ‘వాయిదా పడింది, ఓపిక పట్టమ్మా’ అని కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. అయిపోయిన కేసు గురించి మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు.

2008 జూన్ 30న అతను రాష్ట్ర కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. బెంచ్ దగ్గర పక్కకు చేరి, ఫెడరల్ వాళ్లతో ఒక రహస్య ఒప్పందం ఉందని డిఫెన్స్ లాయర్లు చెబితే, జడ్జి దాన్ని సీల్ చేసి ఫైల్లో పెట్టమన్నారు. మన సీల్డ్ కవర్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. కోర్టు హాల్లో కూర్చున్నవాళ్లకు వినపడింది మాత్రం రెండు చిన్న అభియోగాలు. పైగా వాటి పేరు చూడండి: వ్యభిచారానికి పురమాయించడం, మైనర్‌ను వ్యభిచారానికి సమకూర్చడం. చట్టప్రకారం సమ్మతి ఇవ్వలేని వయసు పిల్లను వ్యభిచారిణిగా చూపించే సెక్షన్లు. నా ఉద్దేశంలో సీల్డ్ కవర్ కంటే ఎక్కువ దాచింది ఈ పేరే. దాచిన కాగితాన్ని ఎప్పుడో ఒకరు అడుగుతారు. రికార్డులో బహిరంగంగా ఉన్న తప్పుడు పేరును ఎవరూ అనుమానించరు. జైల్లో అతను ఉన్నది 13 నెలలే. అందులోనూ ఎక్కువ కాలం వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటలదాకా ‘పని’ పేరుతో బయట ఆఫీసులో గడిపాడు. 2011లో న్యూయార్క్‌లో అతన్ని నేరస్థుల రిజిస్ట్రీలో అతి తక్కువ ప్రమాద స్థాయికి దించమని అడిగింది ప్రాసిక్యూషన్ వైపువాళ్లే. అక్కడి జడ్జి ఆశ్చర్యపోయి ఒప్పుకోలేదు.

ఒప్పందం వెలుగులోకి ఎలా వచ్చింది? 2008 జూలై 7న, అంటే అతను నేరం ఒప్పుకున్న వారానికి, జేన్ డో 1 తరఫు లాయర్లు ఫెడరల్ కోర్టుకెళ్లారు. 2009 సెప్టెంబర్‌లో, బాధితుల లాయర్లూ స్థానిక పత్రికా పట్టుబట్టిన మీదట, రాష్ట్ర కోర్టు జడ్జి ఆ సీల్ తీయించారు. 2018 నవంబర్‌లో మయామీ హెరాల్డ్ విలేకరి జూలీ కె. బ్రౌన్ కథనాలు వచ్చేదాకా దేశం పెద్దగా పట్టించుకోలేదు. 2019 ఫిబ్రవరి 21న జడ్జి కెన్నెత్ మారా, బాధితులకు చెప్పకుండా ఒప్పందం చేసుకోవడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు.

ఈ తీర్పులో చాలామంది చూడని ముక్క ఒకటుంది. కేసు పెట్టకూడదని ప్రభుత్వం నిర్ణయించుకోవడం తప్పని నేను అనడం లేదు, బాధితుల హక్కును ఉల్లంఘించారని మాత్రమే అంటున్నాను అని ఆయన స్పష్టంగా రాశారు. మెతక శిక్షను కోర్టు తప్పుపట్టలేదు. దాన్ని దాచిపెట్టి బాధితులను మభ్యపెట్టడాన్ని తప్పుపట్టింది. నేను చెప్పదలుచుకున్నదీ అదే. ఇలాంటి ఒప్పందం గురించి వినగానే అందరం ‘ఎన్నేళ్లు వేశారు’ అని అడుగుతాం. ముందు అడగాల్సింది ‘సంతకానికి ముందు దీన్ని ఎవరెవరు చదివారు’ అని.

ఆ గెలుపూ నిలవలేదు. 2019 జూలై 6న ఎప్‌స్టీన్ మళ్లీ అరెస్టయ్యాడు, వారం తిరక్కుండా అకోస్టా రాజీనామా ప్రకటించారు, ఆగస్టు 10న ఎప్‌స్టీన్ జైల్లో చనిపోయాడు. పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ వ్యవహారాన్ని జాతికే సిగ్గుచేటు అంటూనే 2021లో 7-4 తేడాతో బాధితురాలికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కేసే దాఖలు కాని చోట ఆ బాధితుల హక్కుల చట్టం కింద బాధితులు విడిగా దావా వేయలేరట. కేసు పెట్టకపోవడమే ఫిర్యాదు అయినప్పుడు, కేసు లేదు కాబట్టి ఫిర్యాదు లేదంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి? 2022లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. న్యాయశాఖ సొంత విచారణ 2020 నవంబర్‌లో, అకోస్టా ‘సరైన విచక్షణ చూపలేదు’ కానీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని ముగించింది.

ఇప్పుడు అవతలి వైపు మాట కూడా చెప్పాలి. లేకపోతే నేనూ పైన ఆయనలాగే ఒక్క ముక్కలో తేల్చేసినట్టవుతుంది. ఒప్పందాలన్నీ మోసాలు కావు. అమెరికాలో ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం ద్వారానే వస్తున్నాయని అక్కడి సుప్రీంకోర్టే 2012లో రాసింది. లైంగిక నేరాల్లో ఇందుకు మంచి కారణం కూడా ఉంది: పిల్లను బోనులోకి లాగక్కర్లేదు. నేను చూసిన ప్రతి క్రాస్ ఎగ్జామినేషన్ తర్వాతా, ఇది తప్పితే బాగుండేది అనిపించిన మాట నిజం.

ఫ్లోరిడా ప్రాసిక్యూటర్లు చెప్పిన కారణంలోనూ కొంత పస ఉంది. ఒప్పందంలో బాధితులకు నష్టపరిహారం దారి ఉంది. అది ముందే చెబితే, ఒప్పందం కుదరక ట్రయల్ జరిగిన రోజున ‘డబ్బు కోసం అబద్ధాలాడుతున్నారు’ అని డిఫెన్స్ వాళ్లు పిల్లల మీద పడతారని భయపడ్డారు. అది ఉత్తుత్తి భయం కాదు. మా కోర్టులోనూ ‘మీకు పరిహారం ఎంత వచ్చింది?’ అన్నదే క్రాస్‌లో మొదటి ప్రశ్న కావడం చూశాను. కానీ ఆ కారణం సంతకాల ముందుదాకానే పనికొస్తుంది. సంతకాలయ్యాక తొమ్మిది నెలలు నోరు మూసుకోవడానికి పనికిరాదు. పైగా అభియోగాన్ని మయామీలో దాఖలు చేస్తే పత్రికల హడావుడి తగ్గుతుందని డిఫెన్స్ లాయర్లకు ప్రభుత్వం వైపు నుంచే ఈమెయిల్ వెళ్లింది. పిల్లల పేర్లు కాపాడటానికి అయితే పత్రికలను తప్పించక్కర్లేదు, పేర్లు చెరిపేస్తే చాలు.

ఈ కేసులో జరిగిన గారడీ అంతా అదే. బాధితురాలి కోసం పుట్టిన గోప్యతను నిందితుడు కప్పుకున్నాడు. పేరు, ముఖం, స్కూలు, వైద్య పరీక్ష వివరాలు దాచాలి, ఎప్పటికీ దాచాలి. అభియోగం ఏమిటి, దేన్ని వదులుకున్నారు, ఎందుకు, ఇంకెవరిని వదిలేశారు అన్నవి దాచడానికి బాధితురాలి పేరు చెప్పుకోకూడదు.

2015లో అమెరికా ఆ బాధితుల హక్కుల చట్టాన్ని సవరించి, ప్లీ బార్గైన్ గానీ డిఫర్డ్ ప్రాసిక్యూషన్ అగ్రిమెంట్ (షరతులు పాటిస్తే కేసు వదిలేసే ఒప్పందం) గానీ ఉంటే బాధితులకు సకాలంలో చెప్పాలని చేర్చింది. ఎప్‌స్టీన్ వాడిన నాన్ ప్రాసిక్యూషన్ అగ్రిమెంట్ పేరు మాత్రం ఆ వాక్యంలో లేదు!

మన సంగతికొస్తాను. మన దగ్గర ప్లీ బార్గైనింగ్ 2006 జూలై 5 నుంచి అమల్లో ఉంది. అప్పట్లో సీఆర్‌పీసీలో, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ 289 నుంచి 300 సెక్షన్లలో. ఏడేళ్లకు మించిన శిక్ష పడే నేరాలకు, స్త్రీల మీద జరిగిన నేరాలకు, పిల్లల మీద జరిగిన నేరాలకు అది వర్తించదు. పోక్సోలో రాజీ కుదరదు. అమ్మాయి తండ్రీ నిందితుడైన టీచరూ రాజీపడ్డారని ఒక హైకోర్టు కేసు కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో ఆ ఉత్తర్వును రద్దు చేసింది. కేసు ఉపసంహరించుకోవాలన్నా బీఎన్‌ఎస్‌ఎస్‌ 360 ప్రకారం బాధితుల మాట వినకుండా కోర్టు అనుమతించకూడదు. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో పోలీసులు చెప్పాలి. కాగితం మీద మనం అమెరికా కంటే నయం.

కాగితం బయట ఏం జరుగుతుందో ఒక కేసు చెబుతాను, ఊరు చెప్పను. తొమ్మిదో తరగతి అమ్మాయి. మేజిస్ట్రేట్ ముందు 164 స్టేట్‌మెంట్ తడబడకుండా ఇచ్చింది. ఏడాదిన్నరకు ట్రయల్‌కు వచ్చింది. చట్టం చెప్పినట్టే తలుపులు మూశాం, నిందితుడు కనపడకుండా తెర కట్టాం. అమ్మాయి వచ్చి ఒకే ఊపిరిలో, బట్టీపట్టిన పద్యం అప్పజెప్పినట్టు, ‘నాకేమీ జరగలేదు, పోలీసులు చెప్పమన్నట్టు చెప్పాను’ అంది. పీపీ గారు హోస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని డిక్లేర్ చేయించారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద రెండు వైపుల పెద్దమనుషులూ కలిసి టీ తాగుతున్నారు. తండ్రి మాత్రం దూరంగా ప్రహరీ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఎంతకు తేల్చారో, ఎవరు తేల్చారో నాకు నేటికీ తెలియదు. తీర్పులో ‘ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయింది’ అని ఉంది.

ఫ్లోరిడాలో కనీసం ఒక కాగితం ఉంది. దాని మీద సంతకాలున్నాయి, తేదీ ఉంది, రెండేళ్లకైనా ఒక జడ్జి సీల్ తీయించగలిగారు, పదేళ్లకైనా ఒక విలేకరి దాన్ని పట్టుకుని తిరగగలిగింది. వేపచెట్టు కింద కుదిరిన దానికి సీల్ తీయించడానికి ఏముంటుంది? అందుకే ‘మన దగ్గర ఇలాంటి కేసుల్లో ప్లీ బార్గైన్ లేదు కాబట్టి బేఫికర్’ అంటే నేను ఒప్పుకోను. రాతపూర్వకంగా నిషేధించాం, నోటిమాటగా నడిపిస్తున్నాం.

ఇక టెక్సస్. అది రాష్ట్ర కేసు కాబట్టి నేను పైన చెప్పిన ఫెడరల్ చట్టం కాదు, టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వర్తిస్తుంది. అందులో రెండు విషయాలు మీకు పనికొస్తాయి. నిందితుడి ఒప్పుకోలు తీసుకునే ముందు, విక్టిమ్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ (నేరం వల్ల తాము ఏం పడ్డారో బాధితులు రాసిచ్చే కాగితం) వచ్చిందా, ఒప్పందం షరతులు బాధితులకు తెలియజేశారా అని జడ్జి అడగాలి. కాబట్టి ఆ స్టేట్‌మెంట్ ఫారం నింపి ఇప్పుడే ఇచ్చేయండి, ‘తర్వాత చూద్దాం’ అనుకోవద్దు. రెండోది, ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ అనే మాట వినపడితే చెవులు రిక్కించండి. అంటే నేరం ఒప్పుకుంటాడు గానీ, షరతులన్నీ పాటిస్తే దోషిగా తీర్పు ఉండదు. పిల్లల మీద లైంగిక నేరాల్లో అది ఇవ్వాలంటే, బాధితురాలి మేలుకే ఇస్తున్నానని జడ్జి బహిరంగ కోర్టులో చెప్పాలి. ఆ మేలు ఏమిటో కుటుంబం ముందే ప్రాసిక్యూటర్‌ను అడగాలి.

ఫోన్‌లో అడగకండి, ఈమెయిల్ పెట్టండి. విక్టిమ్ కోఆర్డినేటర్‌కూ (డీఏ ఆఫీసులో బాధితులకు సాయపడే ఉద్యోగికి) కాపీ పెట్టండి. మొదట పెట్టిన అభియోగం ఏది, ఇప్పుడు ఒప్పుకుంటున్నది ఏది? దాని వల్ల రిజిస్ట్రీలో ఎన్నేళ్లు ఉంటాడు, లేక అసలు ఉండడా? ఈ కేసులో ఇంకెవరినైనా వదిలేస్తున్నారా? ఒప్పందంలో ఏ భాగమైనా సీల్ అవుతుందా, అయితే ఎవరు అడిగారు, ఏ కారణంతో? ఒప్పందమే వద్దని పట్టుబట్టమని చెప్పడం లేదు. పాప కోర్టుకు వెళ్లనక్కర్లేకుండా సరైన సెక్షన్ కింద శిక్ష పడితే అది మంచి ఒప్పందమే. స్థానిక లాయరు ఒకరితో, డిఫెన్స్ వైపు కాక బాధితుల వైపు పనిచేసేవారితో, ఒక గంటైనా మాట్లాడండి. ఆ తల్లిదండ్రులకు వీసా టెన్షన్ ఉంటే అది కూడా ఆ లాయరుకే చెప్పమనండి. నేరాల బాధితులకు యూ వీసా అని విడిగా ఒకటుంది.

ఒక మాట. మీ పోస్టులో పాప చదివే స్కూలు పేరు, తరగతి ఉన్నాయి. ముందు ఎడిట్ చేసి అవి తీసేయండి. ఆఫర్ వివరాలు వచ్చాక సెక్షన్ల నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.